గేటు దగ్గర థర్మామీటరు, గదిలో మూసిన కిటికీ: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

కళాశాలల్లో అంటువ్యాధుల కాలపు నిబంధనల గురించి ప్రశ్నలు పంపవలసిందిగా గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కోవిడ్ సంవత్సరాల అనుభవం చుట్టూనే తిరిగాయి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించినప్పటికీ, నాటి సర్క్యులర్లు కళాశాలల బీరువాల్లో అలాగే ఉన్నాయి. నాటి అలవాట్లు కొన్ని అవసరం తీరాక కూడా కొనసాగుతున్నాయి, అవసరమైనవి కొన్ని మాత్రం తొలి సెలవుల్లోనే మాయమయ్యాయి. వచ్చిన వాటిలో ఏడు ఉత్తరాలను ఎంచుకుని జవాబులు రాస్తున్నాను. కొందరు పేరు వేయవద్దని కోరినందున అందరి పేర్లనూ వదిలివేశాము.

ప్రశ్న: మాది కృష్ణా జిల్లాలో ఒక ఎయిడెడ్ డిగ్రీ కళాశాల. 2020 నవంబరు నుంచి 2022 మార్చి వరకు వచ్చిన ఉత్తర్వులు, మేము సొంతంగా రాసుకున్న నిబంధనలు కలిపి ఒక లావుపాటి ఫైలు ఉంది. ఈ సంవత్సరం విద్యార్థులకు ఇచ్చే కరదీపికలో అంటువ్యాధుల గురించి ఒక అధ్యాయం చేర్చాలనుకుంటున్నాము. ఆ ఫైలులో ఏవి ఉంచాలి, ఏవి తీసివేయాలి?
- ఒక ప్రిన్సిపాల్

జవాబు: ప్రిన్సిపాల్ గారూ, ఆ ఫైలును చిత్తుకాగితాలవాడికి వేయకుండా ఉంచినందుకు ముందుగా అభినందనలు. దాన్ని ఒకసారి చదివి, ప్రతి నిబంధన పక్కన అది కళాశాలలో ఏ చోటికి వర్తిస్తుందో పెన్సిలుతో రాయండి. సగానికి సగం 'గేటు' అని తేలుతుందని నా అంచనా. గేటు దగ్గర ఉష్ణోగ్రత చూడడం, గేటు దగ్గర శానిటైజరు, గేటు దగ్గర రిజిస్టరు, గేటు దగ్గర ఫ్లెక్సీ. తరగతి గదిలోని గాలి గురించి ఒకటి రెండు వాక్యాలు దొరికితే గొప్ప. ఈ అసమతూకాన్ని సరిచేయడమే మీ కొత్త అధ్యాయం చేయవలసిన పని.

ఉష్ణోగ్రత సంగతి ముందు చెబుతాను. నేను ఆరోగ్య సలహా సంఘంలో సభ్యుడిగా పనిచేసిన ఒక కళాశాలలో 2021 ఫిబ్రవరి చివర ఆ రిజిస్టరు తెప్పించి చూశాను. వరుసగా పదకొండు రోజుల పాటు, ప్రతి విద్యార్థి పేరు ఎదుట 97.4 అని ఒకే చేతివ్రాతలో ఉంది. ఆ రోజుల్లో ఊళ్లోనే లేని ఇద్దరు విద్యార్థుల పేర్ల ఎదుట కూడా అదే అంకె ఉంది. వాచ్‌మన్‌ను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఎండలో నడిచివచ్చిన పిల్లవాడి నుదుటికి పెడితే ఆ పరికరం ఎక్కువ చూపేది, చెమట తుడుచుకున్న వెంటనే పెడితే తక్కువ చూపేది, దానిని నమ్మి ఎవరినీ వెనక్కి పంపలేక అతను తనకు తోచిన పరిష్కారం కనిపెట్టుకున్నాడు. పరికరం సరిగా పనిచేసినా ప్రయోజనం కొద్దిదే. కోవిడ్ సోకిన మనిషి లక్షణాలు బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటించగలడు, కొందరికి జ్వరం అసలు రాదు, జ్వరం వచ్చినవాడు పరీక్ష రోజున పారాసెటమాల్ బిళ్ళ వేసుకుని గేటు దాటుతాడు. కాబట్టి గేటు దగ్గర థర్మామీటరును మీరు నిస్సంకోచంగా తీసివేయవచ్చు.

బల్లలు, రెయిలింగులు, తలుపు గడియలు తుడవడం రెండో సంగతి. 2020లో మనమంతా దీనిపై విపరీతంగా శ్రమపడ్డాము, అప్పటికి తెలిసినంతలో అది తప్పు కూడా కాదు. అయితే 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, వైరస్ ఉన్న ఉపరితలాన్ని ఒకసారి తాకినందువల్ల వ్యాధి సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువ అని తేల్చింది. మరుసటి నెలలోనే మన కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం విడుదల చేసిన సూచనల్లో, తుంపరలు రెండు మీటర్ల లోపల పడిపోతే, వాటికంటే సూక్ష్మమైన కణాలు గాలిలో పది మీటర్ల వరకు ప్రయాణించగలవని, అందుచేత గదుల్లో గాలి మారడం ముఖ్యమని స్పష్టంగా రాశారు. ఆ సూచనలు వచ్చేనాటికి రెండో ఉధృతి వల్ల కళాశాలలు మూతపడి ఉన్నాయి, తిరిగి తెరిచేటప్పుడు వాటిని వెతికి చదివినవారు తక్కువ. చేతులు సబ్బుతో కడుక్కోవడం మాత్రం ఉంచండి. విరేచనాలు, కామెర్లు, కండ్లకలక వంటివాటికి అది ఎప్పటికీ అవసరమే. కుళాయి దగ్గర సబ్బు ఉందా లేదా చూసే బాధ్యత ఎవరిదో కూడా రాయండి, లేకపోతే ఆ వాక్యం గోడమీదే మిగిలిపోతుంది.

ఇక ఫైలులో తక్కువగా ఉన్న విషయం, అంటే గాలి. పాతకాలపు కళాశాల భవనాల్లో పైకప్పుకు దగ్గరగా వెంటిలేటర్లు, రెండు వైపులా ఎదురెదురు కిటికీలు, ఒక వైపు పొడవాటి వరండా ఉండేవి. అవి ఎండను తట్టుకోవడానికి కట్టినవే అయినా, అంటువ్యాధికి కూడా అంతకంటే మంచి కట్టడం లేదు. మీది పాత ఎయిడెడ్ కళాశాల కనుక అటువంటి గదులు కొన్నైనా ఉండి ఉంటాయి. వెళ్లి చూడండి. వెంటిలేటర్లకు అట్టముక్కలు అడ్డం పెట్టి ఉంటారు, ప్రొజెక్టరు తెర కనపడడం లేదని ఒక వైపు కిటికీలు శాశ్వతంగా మూసి ఉంటారు, ఆ కిటికీలకు అడ్డంగా బీరువా కూడా జరిపి ఉంటారు.

నేను సలహా సంఘంలో పనిచేసిన ఆ కళాశాలలో బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) కొలిచే చిన్న యంత్రం ఒకటి కొన్నాము. బయటి గాలిలో ఆ వాయువు పది లక్షల వంతులలో దాదాపు 420 ఉంటుంది, మనం విడిచే ఊపిరిలో సుమారు 40 వేలు ఉంటుంది; కాబట్టి గదిలో ఆ అంకె పెరిగిందంటే ఒకరు విడిచిన గాలిని మరొకరు పీలుస్తున్నారని అర్థం. ఏసీ సెమినార్ హాలులో అరవైమంది కూర్చోగా 480 దగ్గర మొదలైన అంకె యాభై నిమిషాల్లో 2,600 దాటింది. తలుపు, దానికి ఎదురుగా ఉన్న రెండు కిటికీలు తెరిపించగా పది నిమిషాల్లో 900కు దిగింది. ఆ హాలులో రెండు ఏసీలు ఉన్నాయి కదా అని ఒక అధ్యాపకుడు ఆశ్చర్యపోయారు. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిరిగి అదే గదిలోకి వదులుతుంది. సీలింగ్ ఫ్యాను కూడా అంతే, ఉన్న గాలిని తిప్పుతుంది. ఆనాటి ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఏసీని 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని, బయటి గాలి వీలైనంత లోపలికి రావాలని రెండూ ఉన్నాయి. మొదటిది అందరూ పాటించారు, రెండోది ఎవరికీ గుర్తులేదు.

కనుక మీ అధ్యాయంలో ఇలా రాయండి: తరగతి జరుగుతున్నంతసేపు ఎదురెదురు కిటికీలు తెరిచి ఉండాలి, తెరవడానికి వీలులేని గదిలో ఎగ్జాస్టు ఫ్యాను పెట్టే వరకు తరగతి నడపరాదు, రెండు తరగతుల మధ్య పది నిమిషాలు గది ఖాళీగా ఉండాలి, యంత్రం కొనగలిగితే అంకె 1,000 దాటిన గదిలో విద్యార్థుల సంఖ్య తగ్గించాలి. 2020 నవంబరు 5న యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చిన మార్గదర్శకాల్లో ఏ సమయంలోనూ సగం మందికి మించి విద్యార్థులు ఉండరాదన్న నియమం ఉంది. ఆ సగం ఎలా విడగొట్టాలో మీ టైంటేబులు సంఘం అప్పట్లో కసరత్తు చేసి ఉంటుంది. ఆ కాగితం దొరికితే అది బంగారం, పారవేయకండి.

ప్రశ్న: నేను వరంగల్‌లో ఒక బాలికల హాస్టల్‌కు వార్డెన్‌ను. నాలుగు మంచాల గదులు, మూడు వందల మంది పిల్లలు, ఒకే మెస్. మళ్లీ అటువంటి వ్యాధి వస్తే గదికి ఒక్కరిని ఉంచమంటారు. అది మాకు జరిగే పని కాదు. ఏం చేయాలి?
- ఒక వార్డెన్

జవాబు: అమ్మా, గదికి ఒక్కరే ఉండాలన్నది యూజీసీ అప్పట్లో చెప్పిన మాటే. మన రాష్ట్రాల్లో దానిని నిజంగా పాటించగలిగిన హాస్టళ్లు చాలా తక్కువ, పాటించలేని నిబంధనను పాటించినట్టు రాసుకోవడం వల్ల ఎవరికీ మేలు జరగదు. నాలుగు మంచాల గదిని ఒక ఇల్లుగా భావించి నియమాలు రాసుకోండి. ఆ నలుగురూ ఎలాగూ ఒకే గాలి పీలుస్తారు కనుక వారి మధ్య దూరం గురించి పోరాడడం కంటే, ఆ నలుగురు మరో నలుగురితో కలిసే చోట్లను తగ్గించడం మేలు. మంచాలు తల ఒక వైపు, కాళ్లు ఒక వైపు వచ్చేలా మార్చి వేయండి. దోమల భయంతో సాయంత్రం ఆరింటికే కిటికీలు బిగించే అలవాటు ప్రతి హాస్టల్‌లోనూ ఉంది, అది అర్థం చేసుకోదగినదే. మెష్ బిగించడానికి అయ్యే ఖర్చు డెంగీకి, జలుబు దగ్గులకు రెండింటికీ పనికివస్తుందని యాజమాన్యానికి రాయండి.

అసలు చూడవలసింది మెస్. 2020 డిసెంబరులో చెన్నై ఐఐటీలో వందమందికి పైగా విద్యార్థులకు కోవిడ్ సోకినప్పుడు, అక్కడ ఉన్నది మొత్తం విద్యార్థుల్లో కొద్దిమందే అయినా, ఆ కొద్దిమందికీ ఒకే మెస్ నడపడం వ్యాప్తికి కారణమై ఉండవచ్చని అధికారులు భావించారు. తరువాత భోజనాన్ని పొట్లాలు కట్టి గదులకే పంపారు. దీనిలో వింత ఏమీ లేదు. మాస్కు తీయక తప్పని చోటు మెస్ ఒక్కటే. అక్కడ పిల్లలు ఎదురెదురుగా కూర్చుంటారు, చప్పుడు ఎక్కువ కనుక గట్టిగా మాట్లాడతారు, రోజుకు మూడుసార్లు అదే జరుగుతుంది.

మీకు మూడు వందల మంది అన్నారు. రాత్రి భోజనం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు అని బోర్డు ఉన్నా, పిల్లలందరూ ఎనిమిది గంటలకు వచ్చి వరుసలో నిలబడడం నేను చూడని హాస్టల్ లేదు, ఎందుకంటే ఆలస్యమైతే కూర అయిపోతుందని వారి భయం. కాబట్టి వంతుల వారీగా సమయాలు పెట్టేముందు, చివరి వంతు వారికి కూడా అదే కూర, అంతే వేడిగా ఉంటుందన్న నమ్మకం కలిగించాలి. ఆ నమ్మకం లేకుండా గోడకు టైంటేబులు అంటిస్తే మూడో రోజుకే చెడిపోతుంది. అంతస్తుల వారీగా వంతులు పెట్టండి; మంచినీళ్ల ట్యాంకు దగ్గర గొలుసు వేసి కట్టిన స్టీలు గ్లాసు ఉంటే ఈ రోజే విప్పించి, ఎవరి సీసా వారు తెచ్చుకోమని చెప్పండి; వడ్డించేవారికి జ్వరం వస్తే జీతం కోయకుండా ఇంటికి పంపించే ఏర్పాటు చేయండి.

తరువాత ఐసొలేషన్ గది. ప్రతి హాస్టల్‌లోనూ కాగితం మీద ఒకటి ఉంటుంది, తలుపు తీస్తే విరిగిన కుర్చీలు కనిపిస్తాయి. ఆ గదికి సొంత మరుగుదొడ్డి ఉండాలి, కిటికీ ఉండాలి, లోపలి నుంచి ఫోను సిగ్నలు అందాలి. ఇది చిన్న విషయం కాదు. జ్వరంతో ఒంటరిగా ఉన్న పద్దెనిమిదేళ్ల పిల్ల అమ్మతో మాట్లాడలేకపోతే రెండో రోజున లక్షణాలు దాచడం మొదలుపెడుతుంది, ఆమెను చూసి మిగతావారూ దాస్తారు. పూటకొకసారి భోజనం ఎవరు తీసుకువెళ్తారు, రాత్రి రెండు గంటలకు ఆయాసం వస్తే ఎవరికి ఫోను చేయాలి, 108 వచ్చేలోపు ఎవరు తోడుంటారు అన్నవి పేర్లతో సహా గోడమీద ఉండాలి. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని కొలిచే పల్స్ ఆక్సీమీటరు ఒకటి కొని ఉంచండి. అందులో అంకె 94 కంటే తగ్గితే ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మరొక్క మాట. 2021 మార్చి 24 నుంచి తెలంగాణలో విద్యాసంస్థలు మూసివేయాలని ముందురోజు ప్రకటన వెలువడింది. నాకు తెలిసిన ఒక హాస్టల్‌లో మర్నాటి సాయంత్రానికల్లా గదులు ఖాళీ చేయించారు. ట్రంకుపెట్టెలు, బకెట్లు, పరుపులతో పిల్లలు బస్సులు పట్టుకుని తలో ఊరికి వెళ్లిపోయారు, వారిలో అప్పటికే దగ్గుతున్నవారు ఉన్నారు, ఇళ్లలో తాతయ్యలు నానమ్మలు ఉన్నారు. హాస్టల్ ఖాళీ చేయించవలసి వస్తే లక్షణాలున్నవారిని ముందు గుర్తించి, వారిని అక్కడే ఉంచి చూసుకోవడమే సరైన పద్ధతి. తల్లిదండ్రులకు ఇది నచ్చకపోవచ్చు. ప్రవేశ సమయంలోనే ఈ నిబంధన చెప్పి సంతకం తీసుకుంటే ఆనాడు వాదన ఉండదు.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థిని. జ్వరం వస్తే కళాశాలకు రావద్దని నోటీసు బోర్డులో ఉంది. రాకపోతే హాజరు తగ్గి పరీక్షకు కూర్చోనివ్వబోమంటారు. ఈ రెండిట్లో ఏది పాటించాలి?
- ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: నాయనా, ఇంటి దగ్గర ఉండు. నీ ప్రశ్న నీ కళాశాల యాజమాన్యం కూడా చదవాలని కోరుకుంటూ మిగతాది రాస్తున్నాను.

నీ కళాశాలలో రెండు నిబంధనలు ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయి, అటువంటప్పుడు ఏది గెలుస్తుందో విద్యార్థికి బాగా తెలుసు. జ్వరంతో వస్తే ఎవరూ శిక్షించరు, రాకపోతే సంవత్సరం పోతుంది. జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉన్నవారికి అనారోగ్య కారణంపై మినహాయింపు ఇచ్చే వీలుంది, దానికి వైద్య ధ్రువపత్రంతో పాటు రుసుము కూడా కట్టాలి. ఇప్పుడు ఆలోచించండి: మూడు రోజుల జ్వరానికి ధ్రువపత్రం కోసం ఆ పిల్లవాడు కిక్కిరిసిన క్లినిక్‌లో రెండు గంటలు కూర్చోవాలి, డాక్టరుకు ఫీజు ఇవ్వాలి, సంవత్సరం చివర మళ్లీ రుసుము కట్టాలి. అంటువ్యాధి వేళ రోగిని ఇంట్లో ఉండమని చెప్పి, ఉన్నందుకు జరిమానా వేయడమే ఇది.

కోవిడ్ కాలంలో ప్రభుత్వాలు, న్యాయస్థానాలు ఈ చిక్కును గుర్తించాయి. 2021 సెప్టెంబరు 1న తెలంగాణలో విద్యాసంస్థలు తెరవబోయే ముందురోజు, ప్రత్యక్ష తరగతులకు రావలసిందేనని విద్యార్థులను బలవంతపెట్టరాదని రాష్ట్ర హైకోర్టు ఆదేశించింది. ఆ తీర్పు ఆ పరిస్థితికి పరిమితం అయినా, దాని వెనుక ఉన్న ఆలోచన ఏ అంటువ్యాధికైనా వర్తిస్తుంది. నా సూచన ఏమిటంటే, సెమిస్టరుకు ఐదు రోజుల వరకు ధ్రువపత్రం అడగకుండా, ముందురోజు రాత్రి తరగతి ఉపాధ్యాయుడికి పంపిన సందేశాన్నే సెలవు చీటీగా అంగీకరించి, ఆ రోజులను హాజరు లెక్కలోంచి మినహాయించాలి. కొందరు దుర్వినియోగం చేస్తారు, నిజమే. ఇప్పుడున్న పద్ధతిలో ధ్రువపత్రాలు ఎలా వస్తున్నాయో తెలిసిన వారెవరూ దుర్వినియోగం గురించి పెద్దగా బాధపడనవసరం లేదు.

ఎన్ని రోజులు ఇంట్లో ఉండాలని కూడా అడిగేవారుంటారు. 2022 జనవరిలో మన ఆరోగ్య శాఖ నిబంధన, పరీక్షలో తేలిన నాటి నుంచి ఏడు రోజులు, అందులో వరుసగా చివరి మూడు రోజులు జ్వరం ఉండకూడదని చెప్పింది. ఇప్పుడు సాధారణ జ్వరం, దగ్గులకు మందు వేసుకోకుండానే ఇరవైనాలుగు గంటలు జ్వరం లేకుండా ఉండి, ఒంట్లో నెమ్మదించాక వెళ్లవచ్చు. ఆపై ఐదు రోజులు మాస్కు వేసుకుంటే పక్కనున్నవారికి మేలు చేసినవాడివవుతావు.

ప్రశ్న: మా అమ్మాయిని చేర్చిన కళాశాలవారు హాస్టల్ దరఖాస్తులో ఇప్పటికీ కోవిడ్ టీకా ధ్రువపత్రం జతచేయమంటున్నారు. అమ్మాయికి ఒక డోసు మాత్రమే పడింది. టీకా తప్పనిసరి అని అడిగే హక్కు వారికి ఉందా?
- ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: ఈ విషయంపై సుప్రీంకోర్టు 2022 మే 2న తీర్పు ఇచ్చింది. రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద ప్రతి మనిషికీ తన శరీరంపై హక్కు ఉందని, ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని చెప్పింది. అయితే ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం హేతుబద్ధమైన, అవసరానికి తగినంత మేరకు మాత్రమే ఉండే పరిమితులు విధించవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. వ్యాధి తగ్గి ఉన్న ఆనాటి స్థితిలో టీకా వేసుకోనివారిపై పెట్టిన ఆంక్షలు ఆ కొలతకు నిలబడవని భావించి, ప్రైవేటు సంస్థలు, విద్యాసంస్థలు సహా అందరూ తమ ఉత్తర్వులను సమీక్షించుకోవాలని న్యాయస్థానం సూచించింది. నాలుగు పంక్తుల ఉత్తరంలో ఈ తీర్పు తేదీని ప్రస్తావించి, ఆ గడిని దరఖాస్తు నుంచి తొలగించమని కోరండి. బహుశా 2021 నాటి దరఖాస్తునే మళ్లీ మళ్లీ అచ్చు వేయిస్తూ ఉంటారు, అడిగేవరకు ఎవరూ గమనించి ఉండరు.

నేను టీకాను సమర్థించేవాడినే, సందేహం లేదు. కొవాగ్జిన్, కార్బెవ్యాక్స్ రెండూ హైదరాబాదు సంస్థలు తయారు చేసినవే అన్న గర్వం కూడా నాకుంది. ప్రాణాపాయాన్ని తగ్గించడంలో వాటి విలువ తెలిసిందే. అంటడాన్ని పూర్తిగా ఆపడం మాత్రం వాటి వల్ల కాలేదు. 2021 నవంబరులో ధార్వాడ్‌లోని ఒక వైద్య కళాశాలలో కొత్త విద్యార్థుల స్వాగత వేడుక తరువాత 280 మందికి పైగా వ్యాధి సోకగా, వారిలో అత్యధికులు రెండు డోసులూ తీసుకున్నవారే. అందుకే కాబోలు దాదాపు అందరికీ తేలికగా పోయింది. కాబట్టి టీకా కాగితం చూసి హాస్టల్ సురక్షితమని ఏ వార్డెన్ అయినా అనుకుంటే పొరపాటు. మీ అమ్మాయి రెండో డోసు విషయం ఆమె ఆరోగ్యాన్ని ఎరిగిన డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

ప్రశ్న: మాస్కుతో గంటసేపు పాఠం చెబితే గొంతు పోతుంది, వెనుక బెంచీలకు వినపడదు. అధ్యాపకులకు మినహాయింపు ఉండవచ్చా?
- ఒక తెలుగు అధ్యాపకురాలు, నల్గొండ

జవాబు: గదిలో అందరికంటే ఎక్కువసేపు, అందరికంటే గట్టిగా మాట్లాడేది మీరే, అంటే అంటించగలిగే అవకాశం కూడా మీకే ఎక్కువ. అందుచేత వ్యాప్తి ఉన్న రోజుల్లో మినహాయింపు సరికాదు. కాలరుకు తగిలించుకునే చిన్న మైకు కొనిపించండి, అరవనవసరం ఉండదు. కవాటం ఉన్న ఎన్-95 వద్దు. అది మీరు పీల్చే గాలిని వడకడుతుంది కానీ విడిచే గాలిని అలాగే వదిలేస్తుంది, అందుకే 2020 జూలైలోనే కేంద్ర ఆరోగ్య శాఖ దానిని వాడవద్దని రాష్ట్రాలకు రాసింది. వ్యాప్తి లేని రోజుల్లో మీ పద్యాలు మాస్కు లేకుండానే వినిపించండి.

ప్రశ్న: హైదరాబాదులో మురుగునీటిలో కోవిడ్ వైరస్‌ను కనిపెట్టారని చదివాను. మా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో ఇటువంటిది చేయవచ్చా?
- ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ విద్యార్థిని

జవాబు: చేయవచ్చు, చేసి చూపినవారు కూడా ఉన్నారు. 2020లో హైదరాబాదులోని పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు హైదరాబాదు మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి, అందులోని వైరస్ జన్యు పదార్థాన్ని బట్టి నగర జనాభాలో దాదాపు 6 శాతం మందికి అప్పటికే వ్యాధి సోకి ఉంటుందని లెక్కగట్టారు. ఆ సంఖ్య అధికారిక లెక్కల కంటే చాలా ఎక్కువ.

ఒక్క హాస్టల్ విషయంలో ఇది మరింత బాగా పనిచేస్తుంది. 2020 ఆగస్టులో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం ఒక హాస్టల్ మురుగుకాలువ నీటిలో వైరస్ ఆనవాళ్లు గమనించి, వెంటనే అక్కడి 311 మందికి పరీక్షలు చేయించగా, ఏ లక్షణాలూ లేని ఇద్దరు దొరికారు. ఆ ఇద్దరినీ వేరుచేయడంతో సరిపోయింది. గేటు దగ్గర ఎన్ని థర్మామీటర్లు పెట్టినా ఆ ఇద్దరూ దొరికేవారు కాదు. మీ హాస్టల్ మురుగు విడిగా ఒక మాన్‌హోల్ ద్వారా బయటకు పోతుందా, లేక క్యాంపస్ మురుగంతా ఒకేచోట కలుస్తుందా అన్నది ముందు ఇంజినీరింగ్ విభాగాన్ని అడిగి తెలుసుకోండి. కలిసిపోతే ఏ భవనంలో ఉందో చెప్పలేరు. నమూనా తీసేవారికి చేతి తొడుగులు, ముఖానికి రక్షణ ఉండాలి, మాన్‌హోల్‌లోకి మనిషి దిగే ప్రసక్తి ఎట్టి పరిస్థితిలోనూ రాకూడదు. తాడుకు కట్టిన డబ్బా చాలు. మీ విభాగంలో ఆర్టీపీసీఆర్ యంత్రం ఉంటే ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా ఇది చక్కటి అంశం.

ప్రశ్న: మా నాన్న ఒక పెద్ద కళాశాలలో ఏజెన్సీ ద్వారా పారిశుద్ధ్య పని చేస్తారు. కోవిడ్ సమయంలో విద్యార్థులకు, సార్లకు సెలవులు ఇచ్చారు, నాన్నను రోజూ రమ్మన్నారు. బ్లీచింగ్ నీళ్లు కొట్టీ కొట్టీ ఆయనకు దగ్గు పట్టుకుంది. ఇప్పటికీ జ్వరం వచ్చి మానితే ఆ రోజు కూలి కోస్తారు. ఈ నిబంధనల పుస్తకాల్లో మా నాన్నలాంటి వాళ్ల గురించి ఏమైనా ఉంటుందా?
- ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని

జవాబు: అమ్మా, నిజం చెప్పాలంటే చాలా పుస్తకాల్లో మీ నాన్నగారు చేయవలసిన పని గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, ఆయన గురించి మాత్రం ఉండదు. మొదటి ప్రశ్న పంపిన ప్రిన్సిపాల్ గారు తమ కొత్త అధ్యాయంలో ఈ లోటు పూడ్చాలని కోరుతున్నాను.

దగ్గు సంగతి ముందు. నేల, మరుగుదొడ్లు శుభ్రం చేయడానికి ఒక శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం వాడమన్నారు. దానిని గుడ్డతో తుడవాలి. పిచికారీ కొడితే ఆ తుంపరలు కొట్టేవారి ఊపిరితిత్తుల్లోకే ముందు వెళ్తాయి. మనుషుల మీద కొట్టడం హానికరమని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్ 18నే స్పష్టం చేసినా, ఆ తరువాత కూడా కొన్ని చోట్ల గేటు దగ్గర పందిరిలా కట్టి అందరినీ తడిపారు. అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది: బ్లీచింగ్ కలిపిన నీళ్లలో మరుగుదొడ్లు కడిగే యాసిడ్ ఎన్నడూ కలపకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన మరుగుదొడ్డిలో అది ప్రాణం మీదకు తెస్తుంది. మీ నాన్నగారికి ఈ ఒక్క మాట ఈ రోజే చెప్పు, ఆయన తోటివారికి కూడా చెప్పమను. దగ్గు ఇప్పటికీ తగ్గలేదంటే ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించాలి, రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష కూడా చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం.

కూలి విషయానికి వస్తే, ఏజెన్సీ మీ నాన్నగారి జీతంలోంచి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా పథకం) కింద కోస్తోందో లేదో చూడు. నెలకు 21 వేల రూపాయల లోపు జీతం ఉన్నవారికి అది వర్తిస్తుంది. నిర్ణీత దినాల చందా కట్టి ఉంటే, ఈఎస్ఐ డాక్టరు ధ్రువపత్రంపై జబ్బు రోజులకు జీతంలో 70 శాతం చొప్పున సంవత్సరంలో 91 రోజుల వరకు వస్తుంది. ఏజెన్సీ మనుషులు ఈ మాట చెప్పరు. కళాశాల వారు కూడా 'అది ఏజెన్సీ వ్యవహారం' అంటారు కానీ, పని చేయించుకుంటున్న సంస్థకు అసలు యజమానిగా బాధ్యత ఉంది, ఏజెన్సీ చందా కట్టకపోతే కళాశాలే కట్టవలసి వస్తుంది. ఈ సంగతి తెలిసిన కళాశాల ప్రతి నెలా ఏజెన్సీ బిల్లు చెల్లించే ముందు చందా రసీదు అడిగి తీసుకుంటుంది.

ఈఎస్ఐ నంబరు జీతం చీటీ మీద ఉంటుంది. చీటీ ఇవ్వడం లేదంటే మీ నాన్నగారు ఒంటరిగా వెళ్లి అడగనవసరం లేదు. ఆయనతో పనిచేసే అయిదారుగురు కలిసి, తెల్ల కాగితం మీద పేర్లు రాసి, కళాశాల కార్యాలయంలో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.